మూలాయన బేస్ గిటార్‌కు కొత్త పికప్‌లు

ఏ వాద్యబృందంలోనైనా ఫొటో తీసేటప్పుడు కాస్త పక్కకు జరగమని ముందుగా ఎవరికి చెబుతారో, వాడే బేస్ గిటార్ వాయించేవాడు. పాడే అమ్మాయి మధ్యలో ఉండాలి. కీబోర్డు కదలదు, డ్రమ్ములు అంతకన్నా కదలవు. లీడ్ గిటారిస్టుకు జుట్టుంది కాబట్టి అతన్ని పక్కకు నెట్టలేరు. ఇక మిగిలింది ఒక్కడు. ఆ ఒక్కడు డ్రమ్ములకూ గోడకూ నడుమ, స్పీకరు పెట్టెకు మోకాలు ఆనించి, ఇరవై రెండేళ్ళుగా నిలబడుతున్నాడు. అందుకే అతనికి మూలాయన అనే పేరు పడింది. పెట్టిందెవరో పెట్టినవాళ్ళకే గుర్తులేదు. అసలు పేరు జీతాల రిజిస్టరులోనూ కరెంటు బిల్లు మీదా భద్రంగానే ఉంది కానీ, దానితో ఎవరికీ పనిపడలేదు.

మూలాయనకు యాభై తొమ్మిదేళ్ళు. పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో పని. డాక్టరు రాసిచ్చిన నంబరు ప్రకారం వచ్చిన అద్దాన్ని ఫ్రేము కొలతకు అరగదీయడం, బిగించడం, ఆవగింజంత మరలను ఆవగింజంత స్క్రూడ్రైవరుతో తిప్పడం. దుకాణం వెనక, చెక్క అడ్డుగోడ అవతల అతని బల్ల. ముందువైపు ఉండే సేల్స్‌మన్ ఆ జోడును మెత్తని గుడ్డతో తుడిచి, వచ్చినవాళ్ళ ముక్కు మీద పెట్టి, అద్దం చూపించి, “పదేళ్ళు తగ్గారు మేడమ్” అంటాడు. ఆవిడ అతనికే థాంక్స్ చెబుతుంది. అడ్డుగోడ ఇవతల మూలాయనకు ఆ మాట వినపడుతుంది, చేతిలో మరో అద్దం తిరుగుతూనే ఉంటుంది. అక్కడా మూలే.

పెళ్ళి ఒకసారి కుదిరి తప్పిపోయింది. మళ్ళీ కుదర్చడానికి పూనుకోవలసినవాళ్ళు ఒక్కొక్కరే లోకం దాటిపోయారు. ఆఖరికి మిగిలిన అక్క కూడా మూడేళ్ళ కిందట పోయింది. అప్పటి నుంచీ వారంలో ఆరు రోజులు అతని నోట వెలువడే మాటలన్నీ ఒక పోస్టుకార్డు మీద రాయవచ్చు, అందులోనూ సగం “ఎడమ కన్నా, కుడి కన్నా?” అనేవే. ఏడోరోజు శనివారం. ఆ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా స్టేషను ఎదురు హోటల్లో, మేడమీద భోజనాల హాల్లో, నలుగురితో కలిసి వాయిస్తాడు. నడుమ పావుగంట విరామంలో ఐదుగురికీ టీ వస్తుంది. ఎవరో ఒకరు “ఏం మూలాయనగారూ, బాగున్నారా?” అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న మీద అతను మిగతా ఆరు రోజులూ బండి లాగిస్తాడు.

ఆ హాల్లో పాటలు ఎవరు వింటారు అంటారా? ఎవరూ వినరు. ప్లేట్లు మోగుతుంటాయి, పిల్లలు బల్లల కింద దూరుతుంటారు. పాడే అమ్మాయినే వినని చోట బేస్ గిటార్‌ను వినేదెవరు? ఆ సంగతి అతనికి తెలియక కాదు. అయితే అతని దగ్గర ఒక నమ్మకం ఉంది. సీలింగు ఫ్యాను తిరుగుతున్నంతసేపూ దాని చప్పుడు ఎవరి చెవికీ ఎక్కదు. కరెంటు పోయిన క్షణాన మాత్రం గదిలో ఉన్న ప్రతివాడూ తల ఎత్తి పైకి చూస్తాడు. బేస్ కూడా అంతే. ఉన్నప్పుడు తెలియదు, లేనప్పుడు తెలుస్తుంది. ఏనాటికైనా తను వాయించడం ఆపితే ఆ హాలంతా ఒక్కసారి తల ఎత్తి మూలకు చూస్తుందని, అలా చూస్తారు కాబట్టే ఆపవలసిన అవసరం లేదని, ఇరవై రెండేళ్ళు ధీమాగా ఉన్నాడు. మనుషులు దేవుణ్ణి నమ్మడం కూడా చాలావరకు ఈ లెక్కలోనే ఉంటుంది. పరీక్షించి చూడాలనుకునేవాళ్ళు తక్కువ.

అతను పరీక్షించాలనుకోలేదు. పరీక్షే వెతుక్కుంటూ వచ్చింది.

ఆ గిటార్ వయసు అతని వయసులో సగం. బేస్ గిటార్ తీగల కింద, చెక్కలోకి దించిన రెండు నల్లని పట్టీలు ఉంటాయి. పికప్‌లంటే అవే. లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ తలవెంట్రుక కన్నా సన్నని రాగితీగ కొన్ని వేల చుట్లు. పైన ఇనుపతీగ కంపిస్తే కింద రాగితీగలో పిసరంత కరెంటు పుడుతుంది. స్పీకరు దాన్ని పెద్దది చేసి గోడలకు వినిపిస్తుంది. వాద్యంలోని రహస్యమంతా ఇంతే. కాకపోతే పాత పికప్‌లకు మంచీ చెడూ తెలియదు. ఇంటి కబుర్లు, వీధి కబుర్లు ఒకే గంపలో మోసుకొచ్చే మనిషిలాగా, తీగ పలికిన స్వరంతోపాటు ట్యూబులైటు రొదనూ, లిఫ్టు మోటారు రొదనూ పట్టుకొచ్చి స్పీకరులో కుమ్మరిస్తాయి. దానితో పాటలేని వేళల్లో ‘గుయ్’మని ఒకటే మూలుగు. తీగల మీద అరచెయ్యి వేస్తే తగ్గుతుంది, చెయ్యి తీస్తే మళ్ళీ మొదలు.

మూలాయనకు ఆ మూలుగు ఇబ్బంది కాదు సరికదా, ఇంట్లో అది ఉంటేనే బాగుండేది. సాయంత్రం గదికి వచ్చి స్పీకరు స్విచ్చి వేసి, గిటార్‌ను కుర్చీకి ఆనించి, స్టవ్వు దగ్గరికి వెళ్ళేవాడు. టీ మరిగేదాకా గదిలో ‘గుయ్’మంటూ ఉండేది. వచ్చి చెయ్యి వేస్తే ఊరుకునేది.

ఆ నెల మొదటి శనివారం, విరామంలో, కీబోర్డు వాయించే మాస్టారు టీ కప్పుతో మూలకు వచ్చాడు. బృందానికి పెద్ద ఆయనే, వయసులో మాత్రం మూలాయన కన్నా పదిహేనేళ్ళు చిన్న.

“మూలాయనగారూ, చిన్న మాట.”

“చెప్పండి మాస్టారూ.”

“నెలాఖరు ఆదివారం మనకు రికార్డింగుంది. ఆరు పాటలు. హోటలువాళ్ళు వాళ్ళ వెబ్‌సైటులో పెట్టుకుంటారట. స్టూడియో మైకులతో మామూలుగా ఉండదు, దోమ తుమ్మినా వినపడుతుంది. మీ గిటారేమో పాట లేనప్పుడు కూడా పాడుతుంది.”

డ్రమ్ములాయన ఈ మాట అందుకున్నాడు. “పాట ఉన్నప్పుడు దాని గొంతు ఎవరు విన్నారు గనక? లేనప్పుడైనా పాడనివ్వండి పాపం.”

అందరూ నవ్వారు. మూలాయన కూడా నవ్వాడు.

“నవ్వులాట కాదండీ,” అన్నాడు మాస్టారు. “ఆ మూలుగు సంగతి చూడండి. కుదరకపోతే ఏముంది, నా ఎడమచెయ్యి సగంసేపు ఖాళీగానే ఉంటుంది. బేస్ శబ్దం కీబోర్డులో ఎటూ ఉంది. మీకూ శ్రమ ఉండదు.”

మనుషుల్ని తీసేసేటప్పుడు లోకం వాడే మాటలన్నీ దూదిలోంచి ఏరినట్టు మెత్తగా ఉంటాయి. విశ్రాంతి అంటారు, శ్రమ ఉండదంటారు, మీ మంచికే అంటారు. కటువైన మాటకు జవాబు చెప్పవచ్చు. మెత్తని మాటకు తల ఊపడం తప్ప మరో దారి ఉండదు. మూలాయన తల ఊపాడు. ఊపుతూనే నెలాఖరుకు ఎన్ని వారాలో లెక్కపెట్టుకున్నాడు. మూడు.

మర్నాడే వాయిద్యాల దుకాణానికి వెళ్ళాడు. మూలగని రకం పికప్‌లు కావాలన్నాడు. గిటార్‌కు తీగలు కట్టే చివర, అంటే వంతెన దగ్గర, అమర్చేది ఒక కంపెనీది ఉంది. మెడ దగ్గర అమర్చేది ఆ కంపెనీది అయిపోయింది, మరో కంపెనీది ఉంది. “రెండూ అన్నదమ్ముల్లాంటివే సార్, కళ్ళు మూసుకొని తీసుకోండి” అన్నాడు దుకాణందారు. వాటితోపాటు శబ్దానికి సత్తువనిచ్చే చిన్న ప్రీ-యాంప్ సర్క్యూటు, దానికో బ్యాటరీ, కొత్త నాబ్‌లు కూడా తెచ్చుకున్నాడు.

మంగళవారం కళ్ళజోళ్ళ దుకాణానికి సెలవు. కిటికీ దగ్గర బల్ల మీద దుప్పటి మడిచి పరిచి, గిటార్‌ను వెల్లకిలా పడుకోబెట్టాడు. తీగలు నాలుగూ సడలించి తీశాడు. విప్పిన ప్రతి మరనూ విప్పిన వరసలోనే, దుకాణంలో అద్దాలు పెట్టుకునే పళ్ళెంలో పేర్చాడు. మూత తీస్తే లోపల గుప్పెడంత గొయ్యి, అందులో ముప్పై ఏళ్ళ దుమ్ము, బిగుసుకుపోయిన పాత నాబ్‌లు, ఎండిపోయిన తీగలు. బ్రష్షుతో ఊడ్చాడు. అద్దానికి నమూనా కత్తిరించినట్టే కాగితంతో కొలత తీసి, రాగిరేకు కత్తిరించి, గొయ్యి అడుగునా గోడలకూ ముడత లేకుండా అంటించాడు. అంత ముచ్చటైన పనిని మూత కింద పెట్టి బిగించేస్తే మళ్ళీ చూసేదెవరు అనే ఆలోచన అతనికి రానే లేదు. చూడనిచోట శుభ్రంగా చెయ్యడం కొందరికి జబ్బులాంటిది. మందు లేదు.

ఒక్కొక్క పికప్ నుంచి రెండేసి తీగలు వచ్చాయి, ఒకటి తెలుపు, ఒకటి నలుపు. మొదటిదానితో వచ్చిన కాగితంలో తెల్లది శబ్దం తెచ్చేదనీ, నల్లది నేలకు, అంటే ఎర్త్‌కు, కలపవలసిందనీ ఉంది. రెండోదానితోనూ ఒక కాగితం వచ్చింది, చీమ కాళ్ళంత అక్షరాలతో. కళ్ళజోడు అవతలి గదిలో అలమరలో ఉంది. ఊరందరి చూపూ సరిచేసేవాడు తన జోడు కోసం పది అడుగులు వెయ్యడానికి బద్ధకించాడు. కుడి అద్దానికి ఏ నియమమో ఎడమ అద్దానికీ అదే కదా అనుకొని, రెండో పికప్‌నూ మొదటిదానిలాగే కలిపేసి టంకం వేశాడు. టంకం చుక్కలు నాలుగూ నాలుగు ముత్యాల్లా కుదిరాయి.

తీగలు ఎక్కించి, శ్రుతి చేసి, స్పీకరు స్విచ్చి వేశాడు. చెయ్యి తీశాడు. మూలుగు లేదు. స్పీకరు వెలుగుతోందో లేదోనని వంగి చూశాడు. వెలుగుతోంది. గది మాత్రం నీళ్ళడుగున ఉన్నట్టుంది. పక్కింట్లో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, కింద సైకిలు గంట, తన గడియారం. ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎక్కడున్నాయి?

ఇప్పుడు పరీక్ష. అతనికి తెలిసిన పరీక్ష ఒకటే. ముప్పై ఆరేళ్ళుగా అడ్డుగోడ సందులోంచి చూస్తున్నది: ఒక కన్ను మూసి మరో కంటితో చదవమంటారు, ఆ తరవాత ఇటుది మూసి అటుది. అలాగే మెడవైపు పికప్‌ను సున్నా చేసి వంతెనవైపుది విన్నాడు. కంచులా ఉంది. వంతెనవైపుది సున్నా చేసి మెడవైపుది విన్నాడు. బావిలోంచి పిలిచినట్టు లోతుగా ఉంది. శభాష్ అనుకొని స్విచ్చి ఆపేశాడు. రెండు కళ్ళూ కలిపి తెరిచి చూడాలన్న ఊహ, రోజూ అదే పని చేసేవాళ్ళను పక్కనుంచి చూసిన ఆ మనిషికి తట్టలేదు.

శనివారం వచ్చింది. హాల్లో ఎప్పుడూ వాయించినట్టే రెండు నాబ్‌లూ పూర్తిగా తిప్పి మొదటి పాట అందుకున్నాడు. వేళ్ళు తీగల మీద నడుస్తున్నాయి, తీగలు అదురుతున్నాయి, కానీ స్పీకరులోంచి వస్తున్నది కప్పు మూతను గోటితో గీకినట్టుంది. లావు స్వరాల అడుగు లేదు. మోకాలికి ఆనిన పెట్టెలో రోజూ ఉండే అదురు లేదు. పాట నడుమ వంగి స్పీకరు సరిచేశాడు, తీగ ఊడిందేమోనని లాగి చూశాడు. రెండో పాటలోనూ అంతే. మూడో పాటకు అతనికి చెమటలు పట్టాయి. ఇక చూస్తారు. ఇప్పుడే చూస్తారు. డ్రమ్ములాయన పక్కకు తిరిగి “ఏమైంది?” అంటాడు. మాస్టారు కనుబొమలు ముడుస్తాడు.

ఎవరూ చూడలేదు.

పాడే అమ్మాయి పాడింది. లీడ్ గిటారిస్టు జుట్టు ఎగరేశాడు. బల్లల దగ్గర ప్లేట్లు మోగాయి. ఒక పెద్దాయన కాలు తాళానికి ఊపుతూ పండ్ల రసం తాగాడు. పద్నాలుగు పాటలు అడుగు లేకుండా నడిచిపోయాయి. నీళ్ళు లేని ఏట్లో పడవలు సాగిపోయినట్టు.

చివర్లో మాస్టారు వచ్చి అతని భుజం తట్టాడు. “అదరగొట్టారు మూలాయనగారూ! ఎంత క్లీన్‌గా ఉందో చూశారా? మూలుగు చచ్చింది. రికార్డింగుకు కూడా ముట్టుకోకుండా ఇలాగే తీసుకురండి.”

“మాస్టారూ, మీకేమీ... తక్కువగా అనిపించలేదా?”

“తక్కువేంటండీ, చెవులు హాయిగా ఉంటేనూ!”

డ్రమ్ములాయన్ని అడిగాడు. పాతికేళ్ళుగా వాయిస్తున్న మనిషి, బేస్‌తో జతకట్టి నడవవలసిన మనిషి. అతను కర్రలు సంచిలో పెట్టుకుంటూ, “నాకు నా చప్పుడే సరిపోతుందయ్యా, నీది కూడా వినమంటావా?” అని నవ్వి, టోపీ పెట్టుకొని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రీ మర్నాడూ మూలాయన గిటార్‌ను సంచిలోంచి తియ్యలేదు. పికప్‌లు చెడిపోయాయన్న బాధ కాదు అది. వస్తువు చెడితే బాగుచేసుకోవచ్చు. లేనప్పుడు తెలుస్తుందనుకున్నది, లేకపోయినా తెలియలేదు. ఇప్పుడు అతనికి ఒక్కటే కావాలి: అది లేదని ఇంకొక్కరు, ఒకే ఒక్కరు, అనాలి. అలా అనగలవాడు అతనికి తెలిసి ఒక్కడే ఉన్నాడు.

ఆ ఒక్కడు బావ. అక్క భర్త. నలభై ఏళ్ళు రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసి ఇప్పుడు మానేశాడు. రెండు బస్సులు మారితే వాళ్ళ ఇల్లు. బావకూ అతనికీ గొడవేమీ లేదు. అక్క ఉన్నప్పుడు ఫోన్లన్నీ అక్కే చేసేది, రమ్మనేది, రాకపోతే తిట్టేది. అక్క పోయాక ముందు ఎవరు చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. ఈ వారం ఆయన చేస్తాడులే అని ఇతనూ, వాడే చేస్తాడులే అని ఆయనా. అలా వారాలు నెలలై, నెలలు మూడేళ్ళయ్యాయి. దెబ్బలాడుకొని విడిపోయినవాళ్ళను కలపడానికి మధ్యవర్తులుంటారు. ఊరికే ఆగిపోయినవాళ్ళను కలిపేవాళ్ళు ఉండరు.

సోమవారం దుకాణం కాగానే గిటారూ, చిన్న స్పీకరూ మోసుకొని రెండు బస్సులు మారాడు. తలుపు తీసిన బావ చిక్కిపోయాడు. ముందు గిటార్‌ను చూశాడు, ఆ తరవాత మనిషిని.

“ఏరా బామ్మర్దీ, ఇల్లు గుర్తుందా? లేక పాటలు పాడుకుంటూ వీధివీధీ తిరుగుతూ మా గుమ్మం తగిలిందా?”

“గుర్తులేక కాదు బావా...”

“సర్లే, సర్లే. ఆ మాట నేనూ అనాలి, అందుకని వదిలేస్తున్నా. లోపలికి రా. చెప్పులు అక్కడ వద్దు, నేనే రెండుసార్లు తట్టుకొని పడ్డా.”

ముందు గదిలో అక్క కూర్చునే కుర్చీలో పాత పేపర్లు పేర్చి ఉన్నాయి, ఎవరూ కూర్చోకుండా. మూలాయన నేల మీదే కూర్చొని స్పీకరు పెట్టాడు. ఏం జరిగిందో చెప్పలేదు. రెండు నాబ్‌లూ పూర్తిగా తిప్పి, ఎప్పుడూ వాయించే ఒక వరస నాలుగు స్వరాలు వాయించాడంతే.

బావ మొహం చిట్లించాడు. “ఆపు. అడుగు ఏదిరా?”

మూలాయన తల వంచుకున్నాడు. కాసేపటిదాకా ఎత్తలేదు. బావ అది గమనించినా గమనించనట్టు, లోపలికి వెళ్ళి ముల్లున్న పాత మీటరు తెచ్చాడు.

“అడుగునేం చేశావ్? అమ్ముకున్నావా?”

“కొత్త పికప్‌లు వేశాను. విడివిడిగా రెండూ బాగున్నాయి బావా.”

“విడివిడిగా నేనూ బాగానే ఉంటా, నువ్వూ బాగానే ఉంటావ్. ఇదిగో, మీటరు వైర్లు ఈ పికప్‌కు పట్టు. నా చేతులు వణుకుతాయి, నేను పట్టలేను. స్క్రూడ్రైవరు దాని నెత్తిన ఆనించి, టక్కున తియ్యి.”

తీశాడు. మీటరు ముల్లు కుడికి ఎగిరింది.

“ఇప్పుడు రెండోదానికి.”

ముల్లు ఎడమకు పడిపోయింది.

“చూశావా? తలుపుకు అటొకడూ ఇటొకడూ నిలబడి తోస్తున్నారు. ఇద్దరూ పహిల్వాన్లే. తలుపు మాత్రం కదలదు. సన్నని చప్పుళ్ళు ఏదో సందులోంచి జారుకొస్తాయి, లావు స్వరాలు మాత్రం ఒకదాన్నొకటి తినేస్తాయి. నల్లది నేలకని ఎవడు చెప్పాడు నీకు?”

“మొదటిదాని కాగితంలో ఉంది.”

“రెండోదాని కాగితం?”

“కళ్ళజోడు అలమరలో ఉంది.”

బావ నవ్విన నవ్వుకు దగ్గు వచ్చింది, దగ్గు ఆగడానికి మంచినీళ్ళు కావలసి వచ్చాయి. “మీ అక్క ఉంటే ఈ ముక్క పదేళ్ళు చెప్పుకొనేది” అన్నాడు.

టంకం వేడి చేశారు. బావ, అక్క వాడిన అల్లిక పుల్లతో చూపిస్తుంటే, మూలాయన చేతులు పని చేశాయి. ఒక పికప్‌కు తెలుపు ఉన్నచోట నలుపు, నలుపు ఉన్నచోట తెలుపు. అంతే. ఐదు నిమిషాల పని. మళ్ళీ వాయించేసరికి అలమరలో గ్లాసులు సన్నగా మోగాయి. బావ అరచెయ్యి స్పీకరు మీద పెట్టి, కళ్ళు మూసుకొని, “ఊఁ” అన్నాడు. “ఇప్పుడు వచ్చావురా.”

ఆ తరవాతి రెండు శనివారాలూ హాలును పెళ్ళి విందులకు ఇచ్చేశారు, పాటల్లేవు. నెలాఖరు ఆదివారం పొద్దున రికార్డింగు. గోడలకు స్పాంజి అతికించిన గది, మధ్యలో గాజుపలక. మొదటి పాట సగంలో మాస్టారు చెయ్యి ఎత్తి ఆపాడు.

“మూలాయనగారూ, గది అదురుతోంది. ఏం చేశారు?”

“సరిచేశానండి. పోయినసారి వైర్లు తిరగబడ్డాయి. అసలు శబ్దం రాలేదు.”

“భలేవారే, అదే బాగుంది కదా! ఇప్పుడు బరువుగా ఉంది. పాట మీద ఎవరో కూర్చున్నట్టుంది. పోయినసారిలాగే పెట్టండి.”

“పోయినసారి నేను లేనండి అందులో.”

“లేకపోయినా బాగానే ఉందిగా!”

మాస్టారు చెడ్డవాడు కాదు. ఆ మాటలో పుల్లవిరుపు కూడా లేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు, అంతే. మూలాయన చెయ్యి కొత్త నాబ్ మీదికి వెళ్ళింది. అడుగు స్వరాల్ని పెంచేదీ తుంచేదీ అదే. ఎడమకు ఒక్క తిప్పు తిప్పితే చాలు, శనివారాలు ఉంటాయి. టీ ఉంటుంది. బాగున్నారా అనే ప్రశ్న ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో తగ్గించమంటే తగ్గించనన్నది లేదు. వేళ్ళు నాబ్‌ను పట్టుకున్నాయి. కాసేపు అలాగే ఉన్నాయి.

“ఇది ఇంతేనండి మాస్టారూ,” అన్నాడు. “వాయిస్తే ఇలాగే వాయిస్తాను.”

లీడ్ గిటారిస్టు తల ఎత్తి చూశాడు. ఇరవై రెండేళ్ళలో అందరూ మూలకు తిరిగి చూసింది అప్పుడే. అది వాయించడం ఆపినందుకు కాదు, మాట్లాడినందుకు.

“సరే, మీ ఇష్టం,” అన్నాడు మాస్టారు, ఎప్పటిలాగే మెత్తగా. “ఇవాల్టికి కాసేపు బయట కూర్చోండి. టైము అయిపోతోంది. నేను సర్దుకుంటా.”

బయట నడవాలో ప్లాస్టిక్ కుర్చీ ఉంది. గిటార్ సంచిని మోకాళ్ళ మధ్య పెట్టుకొని కూర్చున్నాడు. తలుపు మందంగా ఉంది. పాడే అమ్మాయి గొంతు రావడం లేదు, గిటార్ రావడం లేదు, తాళాలు రావడం లేదు. గోడలోంచి దాటి వచ్చేది అడుగు స్వరం ఒక్కటే. మాస్టారి ఎడమచెయ్యి. ఆరు పాటలూ అతను ఆ ఎడమచేతినే విన్నాడు. మూడో పాటలో ఒకచోట తను వేసే మెలిక వెయ్యలేదు. తప్పు మాత్రం ఎక్కడా పోలేదు. బాగానే వాయించాడు, అనుకున్నాడు. అబద్ధమాడే అలవాటు లేదు.

అందరూ బయటికి వచ్చేటప్పుడు డ్రమ్ములాయన ఆగి, “శనివారం వస్తున్నావుగా?” అన్నాడు.

“మాస్టారు కబురు చేస్తారట.”

కబురు రాలేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, మంగళవారం సెలవు పోను, అద్దాలు అరగదీశాడు. శనివారం దుకాణం మూసి గదికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా కొక్కేనికి ఉంది. దాన్ని అలాగే ఉండనిచ్చాడు. గడియారం ఏడు కొట్టే వేళకు స్పీకరు స్విచ్చి వేసి, నిలబడి, హాల్లో వాయించే వరసలోనే మొదటి పాట అందుకున్నాడు. పాట ఎవరూ పాడటం లేదు. పల్లవి ఎక్కడ మొదలవుతుందో అతనికి తెలుసు, అమ్మాయి ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలుసు. ఆమె ఊపిరి తీసుకునేంత జాగా వదిలి మళ్ళీ అందుకున్నాడు. మొదటి పాట ముగిసింది. చప్పట్లు సరే, అవి అక్కడా ఉండేవి కాదు. మూలుగైనా ఉండేది ఇదివరకు. ఇప్పుడు పాటకూ పాటకూ నడుమ ఏమీ లేదు. రాగిరేకు ముడత లేకుండా అంటించిన పని అది, బయటి రొదను ఒక్క చుక్క లోపలికి రానివ్వడం లేదు.

రెండో పాట ఎత్తుకోబోయి ఆగాడు. ఫోను తీశాడు. ముందు ఎవరు చెయ్యాలన్న పాత చిక్కు ఒక్క క్షణం అడ్డుపడింది. నొక్కేశాడు.

“ఏరా, ఇవాళ శనివారం కదా,” అన్నాడు బావ. “నువ్వు అక్కడ ఉండాలిగా?”

“నా బదులు చెయ్యి పెట్టుకున్నారు బావా.”

“ఎవరి చెయ్యి?”

“మాస్టారిది. ఎడమది.”

“బరువుగా ఉందన్నారా?”

“ఊఁ.”

“తగ్గించమన్నారా?”

“ఊఁ.”

“తగ్గించావా?”

“లేదు.”

“మొండిఘటం. మీ వంశమే అంత.” గొంతు సవరించుకున్నాడు. “ఇప్పుడేం చేస్తున్నావ్?”

“వాయిస్తున్నా. ఒక పాట అయింది. ఇంకా పదమూడున్నాయి.”

“ఏదీ, ఫోను దాని దగ్గర పెట్టు.”

ఫోనును స్పీకరు పెట్టె మీద ఉంచాడు. రెండో పాట అందుకున్నాడు. అదురుకు ఫోను పెట్టె మీద కొద్దికొద్దిగా జరగసాగింది. పల్లవి అయ్యాక వంగి అడిగాడు.

“వినపడుతోందా బావా?”

“ఏం వినపడుతుందిరా? ఫోనులో అడుగు రాదు. నలభై ఏళ్ళు బాగుచేశాను, నాకు తెలీదా? నీ గోళ్ళు తీగకు తగిలే టిక్కుటిక్కు వస్తోంది, అంతే.”

మూలాయన చెయ్యి తీగల మీద ఆగిపోయింది. గదిలో గడియారం వినపడింది.

“ఆపావేంట్రా?”

“వినపడట్లేదన్నావుగా.”

“వినపడట్లేదు,” అన్నాడు బావ. కుర్చీ మీంచి పేపర్లు తీసి కింద పెడుతున్న చప్పుడు, ఆ తరవాత ఎవరో బరువుగా కూర్చున్న చప్పుడు వచ్చాయి. “వాయించు.”